సంఘ విశేషాలు: మొదటి ప్రతి

పాస్టరుగా ఆ పల్లెకు వెళ్ళిన మొదటి నెలలోనే నేను ఒక కాగితం మొదలుపెట్టాను. ఎ-ఫోర్ సైజు, ఒకే పేజీ, పైన "సంఘ విశేషాలు" అని శీర్షిక. ఆ నెలలో మా సంఘంలో పుట్టినవాళ్ళు, బాప్తిస్మం పొందినవాళ్ళు, పెళ్ళి ప్రకటన చదివించుకున్న జంటలు, పెళ్ళయి పాతికేళ్ళో యాభై ఏళ్ళో నిండినవాళ్ళు, పది పాసైన పిల్లలు, ఆసుపత్రి నుంచి ఇంటికి చేరినవాళ్ళు, చనిపోయినవాళ్ళు అందులో ఉండేవారు. నెలలో చివరి ఆదివారం, రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారం అయిపోయాక, దీవెనకు ముందు దాన్ని గుడిలో చదివేవాణ్ణి. తర్వాత ఫోటో తీసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టేవాణ్ణి. చదువు రాని ముసలివాళ్ళు కూడా ఒక ప్రతి అడిగి తీసుకుని బైబిల్లో మడిచి పెట్టుకునేవారు.

బనగానపల్లె నుంచి జమ్మలమడుగు వైపు వచ్చే దారిలో, కర్నూలు వాళ్ళ యాస పోయి కడప యాస మొదలయ్యే చోట ఉంటుంది ఆ పల్లె. పాత ఆంగ్లికన్ మిషన్ కట్టిన గుడి. గోడలూ నాపరాయే, నేలా నాపరాయే. సంఘంలో మగవాళ్ళు ఎక్కువమంది రాతి గనుల్లో పనిచేస్తారు, ఆడవాళ్ళు శనగ చేలలోకి కూలికి పోతారు. పేపర్లో పేరు పడే అవకాశం వీళ్ళలో ఎవరికీ లేదు. తమ పేరు కాగితం మీద అచ్చు కావడం, దాన్ని బలిపీఠం ముందు నిలబడి ఒకరు చదవడం వాళ్ళకు కొత్త. ఒకసారి ఒక ముసలి జంట పెళ్ళికి యాభై ఏళ్ళు నిండాయని చదివాను. చాప మీద కూర్చున్న ఆ అవ్వ తల ఎత్తకుండానే, "యాభై ఏండ్లేనా అయ్యగారూ. నాకు నూరేండ్లయినట్ల ఉండాది," అంది. గుడంతా నవ్వింది. తాత కూడా నవ్వాడు. ఆ రోజు ఇంటికి వెళ్ళి, పాస్టరుగా నేను సరిగ్గా చేస్తున్న పని ఒకటైనా ఉందని డైరీలో రాసుకున్నాను.

నేను పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, కాలువ పనుల దగ్గర రెండేళ్ళు సైటు సూపర్‌వైజరుగా ఉండి, ఆ తర్వాత వేదాంత కళాశాలకు వెళ్ళినవాణ్ణి. సైటులో పట్టుబడ్డ ఒక అలవాటు నాతోపాటు గుడిలోకి వచ్చింది. డ్రాయింగుకు కుడివైపు కింది మూలలో రివిజన్ నంబరు వేస్తారు. మొదటిది ఆర్-0, దిద్దితే ఆర్-1, మళ్ళీ దిద్దితే ఆర్-2. పాత డ్రాయింగు పట్టుకుని ఎవరైనా గోడ కడితే ఆ గోడ పడగొట్టాల్సి వస్తుంది, అందుకే ఈ జాగ్రత్త. సంఘ విశేషాలకు కూడా నేను అలాగే మూలలో నంబరు వేసి, పక్కన పొడి సంతకం చేసేవాణ్ణి. ప్రతి నెలా ఆర్-0 రెండే ప్రతులు తీసేవాణ్ణి. ఒకటి నా ఫైల్లోకి, రెండోది ఉపదేశి చేతికి.

ఉపదేశి అంటే పాస్టరు లేని ఆదివారాల్లో ఆరాధన నడిపేవాడు, ఊళ్ళో ఉండి సంఘాన్ని కనిపెట్టుకునేవాడు. పాస్టర్లు మూడేళ్ళకూ ఐదేళ్ళకూ మారిపోతారు, ఉపదేశి మారడు. మా ఉపదేశికి అరవై దగ్గర పడుతున్నాయి. నాకంటే ముందు తొమ్మిదిమంది పాస్టర్లను చూశాడు. ఏ ఇంట్లో ఏ జబ్బు ఉందో, ఎవరి పక్కన ఎవరు కూర్చోరో, ఎవరింట్లో టీ వద్దనకూడదో ఆయనే నాకు నేర్పాడు. నాకు పెళ్ళి కాలేదు. మధ్యాహ్నం సంగటి ఆయన ఇంటి నుంచే వచ్చేది. నేను కాగితం తెచ్చిచ్చిన ప్రతిసారీ ఆయన అద్దాలు పెట్టుకుని, పెన్సిలు చెవి మీద నుంచి తీసి, అక్షరం అక్షరం చదివేవాడు. ఒకసారి, "ఈయమ్మ పేరు పైన పెట్టండి అయ్యగారూ, లేకుంటే నెల దినాలు మీతో మాట్లాడదు," అన్నాడు. పెట్టాను. ఆమె మాట్లాడింది.

ఆ ఏడాది మా సంఘంలో ఒక అమ్మాయికి గవర్నమెంటు టీచరు ఉద్యోగం వచ్చింది. తండ్రి గనిలో రాళ్ళు కోసే మనిషి. ఆమె నంద్యాలలో హాస్టల్లో ఉండి బీఎడ్ చేసి, కోచింగుకు పోయి, రెండుసార్లు తప్పి మూడోసారి నెగ్గింది. ఎంపికైందని, సర్టిఫికెట్లు చూపించడానికి రమ్మని ఫోనుకు మెసేజ్ వచ్చిన రోజున తండ్రి పని మానుకుని మా ఇంటికి వచ్చాడు. నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. నేను ప్రార్థన చేశాను. ఆయన వెళ్ళగానే కంప్యూటరు ముందు కూర్చున్నాను.

నా పద్ధతి ప్రకారం రాశాను. ఆమె బడి పేరు, బ్రాకెట్లో బాప్తిస్మపు పేరు, తండ్రి పేరు, ఈ గుడిలో బాప్తిస్మం పొందిన తేదీ, పెద్దయ్యాక విశ్వాసం ఒప్పుకుని బిషప్పుగారి చేత కన్ఫర్మేషన్ పొందిన తేదీ, వచ్చిన ఉద్యోగం. తేదీలను రిజిస్టరుతో రెండుసార్లు సరిచూసుకున్నాను. మూలలో ఆర్-0 వేసి, సంతకం చేసి ఉపదేశికి ఇచ్చాను.

ఆయన పెన్సిలు ఆ వరస దగ్గర ఆగింది.

"దీన్ని తీసేయండి," అన్నాడు.

"ఎందుకు? తేదీలు రిజిస్టరులో చూసే వేసినాను."

"తేదీలు సరిగానే ఉండాయి. అదే చిక్కు."

తర్వాత ఆయన నాకు చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు. నిజానికి నాకు తెలియని విషయం కాదు. ఈ పల్లెల్లో చాలా క్రైస్తవ కుటుంబాలకు రెండు పేర్లు ఉంటాయి, గుడి పేరు ఒకటి, బడి పేరు ఒకటి. కుల ధ్రువపత్రం బడి పేరుతో వస్తుంది, దాని మీద ఎస్సీ అని ఉంటుంది. బాప్తిస్మం తీసుకున్నామని కాగితం మీద ఒప్పుకుంటే అది మతం మారిన ఎస్సీలకిచ్చే బీసీ-సీ అయిపోతుంది. వాళ్ళుండే వీధి మారదు. హోటల్లో వాళ్ళను చూసే చూపు మారదు. గనిలో మేస్త్రీ పిలిచే పిలుపూ మారదు. మారేది ఆ ఒక్క అక్షరమే. ఆ అక్షరంతో పాటు ఉద్యోగం పోతుంది. మాది కర్నూలు టౌను. మా ఇంట్లో మూడు తరాలుగా కాగితాల మీద కూడా క్రైస్తవులమే, నాకు ఉన్నది ఒకటే పేరు. అందుకని ఈ సంగతి నాకు తెలిసినా, రాసేటప్పుడు గుర్తుకు రాలేదు.

"మీరు గుడి పేరు పెట్టి, తేదీలు పెట్టి, కింద సంతకం కూడా చేసి ఇస్తాండారు," అన్నాడు ఉపదేశి. "ఇది ఎవని చేతిలోనన్నా పడిందనుకోండి, బిడ్డ నోట్లో మన్ను కొట్టినట్లే."

ఆయనకు ఎన్నిసార్లు కృతజ్ఞత చెప్పానో లెక్కలేదు. ఆయన నవ్వి, ఆర్-0ను నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకుంటూ, "చింపేస్తాలే, మీరు కొత్తది తీయండి," అన్నాడు. నేను ఆర్-1 తీశాను. అందులో ఉన్నది ఒక్క వాక్యం. మన సంఘపు బిడ్డ ఒకరు ఉపాధ్యాయురాలిగా ఎంపికయ్యారు, దేవునికి స్తోత్రం. పేరు లేదు. ఆదివారం అది చదవగానే గుడిలో అందరి తలలూ ఆ అమ్మాయి వైపు తిరిగాయి. పేరు ఎవరికి కావాలి? ఆమె కొంగుతో నోరు కప్పుకుని నవ్వింది. తండ్రి నేలకేసి చూస్తూ కూర్చున్నాడు, ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

మూడు వారాల తర్వాత నాకు ఎమ్మార్వో ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. ఫలానా అభ్యర్థిని కుల ధ్రువీకరణపై ఫిర్యాదు అందిందనీ, విచారణకు హాజరు కావాలనీ, బాప్తిస్మపు రిజిస్టరు వెంట తేవాలనీ ఉంది. నాలుగుసార్లు చదివాను. ఆర్-1లో ఆమె పేరే లేదు కదా, ఫిర్యాదు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అంతుబట్టలేదు. నోటీసు పట్టుకుని నేరుగా ఉపదేశి దగ్గరికే వెళ్ళాను. ఆయన చదివి, "అయ్యో పాపం," అన్నాడు. బిషప్పుగారి ఆఫీసుకు ఫోను చేయమన్నది కూడా ఆయనే. అక్కడి గుమాస్తా, రాతపూర్వక అనుమతి లేకుండా రిజిస్టరు గుడి దాటకూడదన్నాడు. అనుమతి ఎలా అడగాలని అడిగితే అడగవలసిన అవసరం ఉందా అన్నాడు. అడగకపోతే రిజిస్టరు చూపక్కర్లేదని నాకు అర్థమైంది.

విచారణకు ముందు రోజు సాయంత్రం ఆ అమ్మాయి ఒక్కతే మా వరండాలోకి వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"మా నాయన రిజిస్టరులో పేరు కొట్టేయమని అడిగి రమ్మన్నాడు అయ్యగారూ," అంది.

బాప్తిస్మం కొట్టేస్తే పోయేది కాదని నేను మొదలుపెట్టబోయాను. ఆమె నన్ను పూర్తి చేయనివ్వలేదు.

"కొట్టేయొద్దని చెప్పడానికి వచ్చినా. కొట్టేయొద్దు, చూపొద్దు. రెండూ అయితాయా?"

అవుతాయన్నాను. ఎట్లా అని ఆమె అడగలేదు. పోస్టింగు ఆపేశారనీ, విచారణలో తేలకపోతే వరసలో తర్వాతి పేరుకు ఇచ్చేస్తారనీ మాత్రం చెప్పి వెళ్ళిపోయింది. ఆ తర్వాతి పేరు ఎవరిదో ఆమె చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఎమ్మార్వో మర్యాదస్థుడు. నన్ను కూర్చోమని, ఫ్యాను నా వైపు తిప్పించాడు. గదిలో అమ్మాయీ, ఆమె తండ్రీ, ఒక గుమాస్తా ఉన్నారు. ఫిర్యాదు ఆకాశరామన్న ఉత్తరమనీ, మామూలుగా అయితే పక్కన పడేసేవాణ్ణనీ, దానికి జతచేసిన కాగితం మీద సంతకం ఉండడం వల్ల పిలిపించాల్సి వచ్చిందనీ ఆయన చెప్పాడు. ఆ జిరాక్సు నా ముందుకు జరిపి, "ఇది మీరు రాసిందేనా?" అని అడిగాడు.

నేను అలవాటు కొద్దీ ముందు కుడివైపు కింది మూల చూశాను. ఆర్-0 అని ఉంది. పక్కన నా పొడి సంతకం. కాగితానికి అడ్డంగా, నిలువుగా మడతల గీతలు కూడా జిరాక్సులో పడ్డాయి. నాలుగు మడతలు. నా ఫైల్లో ఉన్న ప్రతికి మడతలు లేవు.

ఆ క్షణంలో నాకు కోపం రాలేదు. ఇంకా చిన్న పనేదో జరిగింది. సైటులో కొత్తగా పోసిన స్లాబు మీద నడుస్తుంటే కాలి కింద ఒకచోట శబ్దం తేడాగా వస్తుంది, లోపల గుల్ల ఉందని తెలుస్తుంది. పైకి ఏమీ కనబడదు. సంగటి గిన్నె, చెవి మీద పెన్సిలు, "అయ్యో పాపం" అన్న గొంతు, అన్నిటి కిందా ఆ శబ్దం వినిపించింది.

"నాదే సార్," అన్నాను.

అప్పుడు తండ్రి లేచాడు. మంచి శుక్రవారం ఊరేగింపులో సిలువ మోసే మనిషి. గనిలో బండ పాదం మీద పడినప్పుడు పదకొండు రోజులు నేను ఆయన మంచం పక్కన కూర్చుని కీర్తనలు చదివాను.

"మాకూ ఆ సర్చికీ ఏం సంబంధం లేదు సార్," అన్నాడు. "పిల్లోల్లు చిన్నప్పుడు బొమ్మల కాగితాలిస్తారని ఆదివారం బడికి పోతాండ్రి, అంతే. ఈయన కొత్తగా వచ్చినాడు. సంఘం పెద్దదని పైవాళ్ళకు చూపించుకునేదానికి ఊళ్ళో అందరి పేర్లూ రాసుకుంటాడు. మమ్మల్ని అడిగింది ల్యా, చెప్పింది ల్యా."

అమ్మాయి కిటికీ బయటికి చూస్తోంది. ఎమ్మార్వో నా వైపు తిరిగి, ఆయన చెప్పేది నిజమేనా అని అడిగాడు.

నాకు ఒక వాక్యం కావాలి, అది నిజమై ఉండాలి. నా దగ్గర అలాంటివి మూడు ఉన్నాయి, మూడూ చెప్పాను. వాళ్ళను అడగకుండా రాశాను. ఇది దిద్దకముందు కాగితం, తర్వాత ఆ వరస తీసేశాను. గుడిలో చదివింది ఇది కాదు. రిజిస్టరు ఎక్కడని అడిగితే, బిషప్పుగారి అనుమతి లేకుండా గుడి దాటించకూడదన్నాను. అదీ నిజమే. గుమాస్తా నా వాంగ్మూలం రాసి వినిపించాడు. సదరు పాస్టరు సంబంధిత కుటుంబానికి తెలియకుండా, వారి అనుమతి లేకుండా పేర్లు, తేదీలు రాసినట్టు ఒప్పుకున్నాడనీ, తర్వాత తానే వాటిని తొలగించుకున్నాడనీ, ఆధారంగా ఏ రిజిస్టరూ చూపలేదనీ. ఒక్కో వాక్యం విడిగా చూస్తే నిజమే. కలిపి చదివితే, నేను ఊళ్ళోవాళ్ళ పేర్లు దొంగతనంగా రాసుకునేవాణ్ణి. కింద పూర్తి సంతకం చేశాను.

బయట బండి దగ్గర తండ్రి నా పక్కనుంచే వెళ్ళాడు. పలకరించలేదు. ఆఫీసు ముందు పలకరించకపోవడం సబబేనని నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఆయన మాట్లాడినంతసేపూ ఎక్కడా తడుముకోకపోవడం నాకు గుచ్చుకుంది. అవసరానికి అబద్ధమాడేవాడు కాస్త తడబడతాడని నా నమ్మకం. సంఘం పెద్దదని చూపించుకునేదానికి అన్న మాట అప్పటికప్పుడు పుట్టింది కాదు, ఎప్పుడో వాళ్ళింట్లో అనుకున్న మాట.

గుడికి తిరిగి వచ్చేసరికి ఉపదేశి గంట తాడు కొత్తది కడుతున్నాడు. స్టూలు మీద నిలబడి ఉన్నాడు. నేను స్టూలు పట్టుకున్నాను, అది ఊగుతోంది కాబట్టి. ఆయన దిగేదాకా ఆగి, "ఆర్-0 ఏమైంది ఉపదేశిగారూ?" అని అడిగాను.

ఆయన ఏమీ తెలియనట్టు నటించలేదు. తాడు కొస చేతికి చుట్టుకుంటూ మెట్ల మీద కూర్చున్నాడు.

"ఆఫీసులో చూసింటారు గదా," అన్నాడు. "మావాడు కూడా మూడుసార్లు రాసినాడు అయ్యగారూ. ఈసారి ఆ పాప తర్వాత పేరు వానిదే."

ఆయన కొడుకు ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాడని తెలుసు. పరీక్ష రాశాడనీ తెలుసు. వరసలో తర్వాతివాడని తెలియదు.

"తీసేయమన్నది మీరే కదా."

"ఆ పొద్దు మనసులో ఏమీ పెట్టుకోకుండా చెప్పినా. బిడ్డ మంచి కోసరమే చెప్పినా. నాలుగు దినాలకు మార్కుల లిస్టు బయటికొచ్చింది. కాగితం జేబులోనే ఉండిపోయింది."

"మీ అబ్బాయి పేరు కూడా అదే రిజిస్టరులో ఉంది. అది మీ చేతి రాతే."

"అందుకే గదా రిజిస్టరు జోలికి పోకుండా మీ కాగితం పంపినా."

ఆయన లేచి పంచె దులుపుకున్నాడు. ఆ గొంతులో పశ్చాత్తాపం కోసం నేను వెతుకుతున్నానని ఆయనకు తెలిసినట్టుంది.

"నన్ను ఏమన్నా అనండి, పడతా. కానీ రాసింది మీరు అయ్యగారూ. నేను మోసినా, అంతే."

ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. మంచితనంతో దాచలేదు. కాగితం తీసుకుని లెక్క వేశాను. ఉపదేశి పేరు బయటపెడితే ఆ అమ్మాయి తండ్రి ఊరుకోడు, ఉపదేశి కొడుకు మీద ఉత్తరం రాస్తాడు. దానికి ఇంకొకరు బదులు రాస్తారు. రిజిస్టరులో నలభై ఇళ్ళ పేర్లున్నాయి, అందులో పంతొమ్మిది ఇళ్ళలో ఎవరో ఒకరు ఉద్యోగంలోనో, స్కాలర్‌షిప్పు మీదనో ఉన్నారు. నేను ఒక్క మాట అంటే పంతొమ్మిది ఇళ్ళు. ఆయన ఈ లెక్క నాకంటే ముందే వేసుకుని ఉంటాడు. నేను నోరు విప్పలేనని తెలిసే ఆ మెట్ల మీద అంత నెమ్మదిగా మాట్లాడాడు.

ఊరికి తెలిసింది ఒక్కటే. అయ్యగారి కాగితం వల్ల ఆ పిల్ల ఉద్యోగం ఆగింది. అది అబద్ధం కాదు. వారంలోనే ఒక్కొక్కరూ రావడం మొదలైంది. మా పేర్లు ఇంక వేయొద్దని కొందరు మర్యాదగా చెప్పారు, గ్రూపులో పాతవి కూడా తీసేయమని కొందరు గట్టిగా అడిగారు. అన్నీ తీసేశాను. ముసలివాళ్ళు బైబిళ్ళలో మడిచి పెట్టుకున్న ప్రతులు తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్ళారు. నూరేళ్ళయినట్టుందన్న అవ్వ కూడా తెచ్చింది. "నీకాడనే పెట్టుకో నాయనా," అంది. అంతకు ముందెప్పుడూ ఆమె నన్ను అయ్యగారూ అనకుండా పిలవలేదు. నా మీద జాలిపడిందని అర్థమయ్యాక, తిట్టినవాళ్ళే నయమనిపించింది.

సంఘ పెద్దల పాస్టరేట్ కమిటీ నన్ను సంఘం ముందు క్షమాపణ అడగమంది. అడిగాను. ఆ ఆదివారం మైకు పట్టుకుని నా పక్కన నిలబడింది ఉపదేశే. నేను ముగించగానే ఆయన కళ్ళు మూసుకుని, మా అయ్యగారు చిన్నవాడు, ఆయనకు జ్ఞానం దయచేయండి ప్రభువా అని ప్రార్థించాడు. గుడంతా ఆమెన్ అంది. నేను కూడా అన్నాను, నోటికి అలవాటు.

రెండు నెలలకు విచారణ మూసేశారు. ఆధారాలు లేవని తేల్చి అమ్మాయికి పోస్టింగు ఇచ్చారు. వేంపల్లె దగ్గర ఒక ఊళ్ళో చేరింది. ఈ సంగతి నాకు టీ అంగడిలో తెలిసింది. ఆ కుటుంబం అప్పటికే గుడికి రావడం మానేసింది, ఇంక రావడం వాళ్ళకు మంచిది కూడా కాదు. ఒకసారి దారిలో తల్లి ఎదురైతే, ఇంటికి వచ్చి ప్రార్థన చేయనా అని అడిగాను. ఆమె అటూ ఇటూ చూసి, "వద్దులేయ్యా, మమ్మల్ని ఇట్ల ఉండనీ," అంది. రిజిస్టరులో అమ్మాయి పేరు అలాగే ఉంది. ఆమె అడిగిన రెండూ అయ్యాయి. ఎట్లా అయ్యాయో ఆమె కిటికీ దగ్గర నిలబడి వింది. ఆ తర్వాత ఆమె నుంచి నాకు ఒక ఫోనూ రాలేదు, మెసేజూ రాలేదు.

ఆ ఏడాది చివర్లో ఉపదేశి కొడుక్కీ ఉద్యోగం వచ్చింది. ఇంకో మండలంలో ఎవరో చేరకుండా వదిలేస్తే ఆ ఖాళీ అతనికి దక్కింది. ఆకాశరామన్న ఉత్తరం రాసినా, రాయకపోయినా వచ్చేదే.

మా సంఘాల్లో ఇంట్లో ఏదైనా మేలు జరిగితే కృతజ్ఞతా కానుక కవరులో పెట్టి, ఎందుకో ఒక చీటీ రాసి ఇస్తారు. పాస్టరు ఆ చీటీ పైకి చదువుతాడు, ఆ కుటుంబం ముందుకు వచ్చి మోకరిస్తుంది, పాస్టరు వాళ్ళ కోసం ప్రార్థన చేస్తాడు. ఆ ఆదివారం కవరు మీద ఉన్న చేతిరాత నేను రిజిస్టరులో వందలసార్లు చూసినది. చీటీలో, "మా కుటుంబములో ప్రభువు చేసిన ఒక మేలు కొరకు" అని మాత్రమే ఉంది. చదివాను. ఉపదేశి, ఆయన భార్య, కొడుకు వచ్చి మోకరించారు. కొడుకు ముఖంలో ఏ మరకా లేదు, అతనికి ఏమీ తెలియదని నా నమ్మకం. ఉపదేశి భార్య చేతి సంగటి నేను రెండేళ్ళు తిన్నాను. ముగ్గురి తలల మీదా చేయి పెట్టాను. ఇలాంటప్పుడు నేను ఎప్పుడూ సొంత మాటలతోనే ప్రార్థిస్తాను. ఆ రోజు ప్రార్థనల పుస్తకం తెరిచి, అందులో అచ్చువేసి ఉన్న కృతజ్ఞతా ప్రార్థన మొదటి నుంచి చివరి దాకా చదివాను.

ఆరాధన అయ్యాక వెస్ట్రీలో, పాస్టరు ఆరాధన బట్టలు మార్చుకునే గదిలో, ఆయన ఎప్పటిలాగే నా అంగీ అందుకుని మడత పెట్టాడు.

"పుస్తకం చూసి చదివితిరే," అన్నాడు.

"అందులో బాగా రాసినారు," అన్నాను.

ఆయన అంగీని బీరువాలో పెట్టి తాళం వేశాడు. తలుపు దాకా పోయి ఆగాడు.

"అయ్యగారూ, మావాని సంగతి ఈ నెల కాగితంలో వేయొద్దండి."

"కాగితం ఆపేసి ఏడు నెలలయింది ఉపదేశిగారూ. మీకు తెలుసు."

"తెలుసులే," అన్నాడు. "అయినా ఒక మాట చెప్పిపెడతాండా. మీకు రాసే అలవాటు."

ఆయన వెళ్ళి గుడి తలుపులు ఒక్కొక్కటే మూయడం మొదలుపెట్టాడు. నేను వెస్ట్రీలోనే కూర్చున్నాను. నా చేతిలో ఇంకా ఆయన చీటీ ఉంది. కృతజ్ఞతా చీటీలు మామూలుగా నేను తేదీ వేసి ఫైల్లో పెడతాను. దాన్ని చింపి, ముక్కలు జేబులో వేసుకుని, ఇంటికి వెళ్ళి పొయ్యిలో వేశాను.